లాయల్టీ లాంజ్‌లో ఖాళీ కుర్చీ ఎవరిది?

ఏళ్ల తరబడి విహార నౌకలు నడిపే ఒకే క్రూయిజ్ కంపెనీతో ప్రయాణించి, పై శ్రేణి సభ్యత్వం అందుకున్న తర్వాత చేసిన మొదటి ప్రయాణంలోనే మీకు నిరాశ ఎదురైందని రాశారు. సాయంత్రం ఆరింటికి మీరూ మీవారూ పై శ్రేణి సభ్యుల కోసం ఓడలో కేటాయించిన విశ్రాంతి గదికి, అంటే లాంజ్‌కు వెళ్తే కూర్చోవడానికి చోటు లేదు. నాలుగు కుర్చీల మీద శాలువాలూ పుస్తకాలూ చేతిసంచులూ ఉన్నాయి గానీ మనుషులు లేరు. ఒక పెద్ద సోఫాలో ఇద్దరే కూర్చుని ఉన్నా, పక్కన కూర్చోవచ్చా అని అడగడానికి మీకు మొహమాటం అడ్డొచ్చింది. అందుకే నాలుగు సంగతులు అడిగారు: సంచి పెట్టిన కుర్చీని ఎంతసేపు వదిలేయాలి, తెలియనివారి బల్ల దగ్గర కూర్చోవచ్చా, వచ్చే ప్రయాణంలో సభ్యత్వం లేని మీ అమ్మగారిని లాంజ్‌లోకి తీసుకువెళ్లవచ్చా, ఈ రద్దీ గురించి ఎవరికి చెప్పాలి.

నేను 19 ఏళ్లుగా ఓడల మీద తిరుగుతున్నాను, అందులో 11 ఏళ్లుగా ఇలాంటి లాంజ్‌లలో కూర్చుంటున్నాను. మీకు ఎదురైనది నాకూ చాలాసార్లు ఎదురైంది. మొదట్లో నేను కూడా తోటి ప్రయాణికుల మీదే కోపం తెచ్చుకునేదాన్ని. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. లాంజ్ నిండిపోవడానికి కారణం మనుషుల స్వభావం కాదు, సభ్యత్వ నియమాల్లో ఉన్న లెక్క. ఆ లెక్క అర్థమైతే మర్యాద ఎక్కడ మొదలవుతుందో, ఫిర్యాదు ఎవరికి చేరాలో రెండూ తేలికగా తెలుస్తాయి. కాబట్టి ముందు లెక్క చెబుతాను.

రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ వారి సభ్యత్వ పథకమైన క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీని ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ మామూలు క్యాబిన్‌లో గడిపిన ఒక్కో రాత్రికి ఒక పాయింటు, సూట్ అనే పెద్ద, ఖరీదైన గదిలో గడిపిన రాత్రికి రెండు పాయింట్లు వస్తాయి. 3 పాయింట్లకు గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినకిల్ శ్రేణులు. డైమండ్ లాంజ్ తలుపు 80 దగ్గర తెరుచుకుంటుంది. వారం రోజుల ప్రయాణాలు ఏడాదికి రెండు చేసే మనిషి ఆరేళ్లలోపే అక్కడికి చేరుకుంటాడు, సూట్‌లు తీసుకునేవారికి అందులో సగం కాలం చాలు. ఒకే ఇంట్లో ఉండే దంపతులలో ఎవరి శ్రేణి పెద్దదైతే అది ఇద్దరికీ వర్తిస్తుంది. అంటే ఒకరు సంపాదించిన హోదాతో రెండు కుర్చీలు కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఈ హోదా ఒకసారి వస్తే పోదు. విమానయాన సంస్థల్లో మాదిరిగా ఏటా మళ్లీ సంపాదించుకోవలసిన అవసరం లేదు. ప్రతి ఏడాదీ కొత్తగా వేలమంది లోపలికి వస్తూనే ఉంటారు, బయటికి వెళ్లేవారు దాదాపు ఉండరు. ఓడలోని గది మాత్రం కట్టిన రోజున ఎంత ఉందో అంతే ఉంటుంది.

మీకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఏర్పాటు కూడా అదే సముద్రంలో కనిపిస్తుంది. వేరే క్రూయిజ్ కంపెనీలైన ఎమ్ఎస్‌సీ ఓడల్లోని యాట్ క్లబ్, నార్వేజియన్ వారి హేవెన్, సెలబ్రిటీ వారి రిట్రీట్ వంటివి డబ్బు చెల్లించి సూట్ తీసుకున్నవారి కోసం ఉన్నవి. అక్కడ లాంజ్ ప్రశాంతంగా ఉండటానికి ఆ ప్రయాణికులు మనకన్నా మర్యాదస్థులు కావడం కారణం కాదు. ఆ ఓడలో ఎన్ని సూట్‌లు ఉన్నాయో నిర్మాణ సమయంలోనే తెలుసు, కాబట్టి ఎన్ని కుర్చీలు వేయాలో కూడా తెలుసు. లాయల్టీ లాంజ్ విషయంలో ఆ నిశ్చయం లేదు. ఒకే ఓడలో ఒక వారం అర్హులు నూరుమంది ఉండవచ్చు, మరో వారం అయిదారు రెట్లు ఉండవచ్చు. పాఠశాలల సెలవుల్లో బయలుదేరే పెద్ద ఓడ నిండా మొదటిసారి వచ్చిన కుటుంబాలు ఉంటాయి, లాంజ్ ఖాళీగా కనిపిస్తుంది. వసంతంలోనూ శరదృతువులోనూ కరీబియన్‌కూ ఐరోపాకూ మధ్య ఓడలు స్థావరం మారేటప్పుడు అట్లాంటిక్ దాటే ప్రయాణాల్లో ఎటు చూసినా పాత సభ్యులే కనిపిస్తారు. తీరిక ఉన్నవారు, ఎక్కువ రాత్రులకు ఎక్కువ పాయింట్లు కోరేవారు, విమానం ఎక్కడం ఇష్టం లేనివారు వాటిని ఏరి కోరి తీసుకుంటారు. అమెరికాలోని ఫ్లోరిడా రేవుల నుంచి మామూలు రోజుల్లో బయలుదేరే చిన్న ప్రయాణాలదీ అదే తీరు, ఎందుకంటే అక్కడికి కారులో వచ్చి ఓడ ఎక్కేసే స్థానికులు చాలామంది.

ఓడలు పెద్దవైతే ఈ సమస్య పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. 1988లో వచ్చిన సావరిన్ ఆఫ్ ద సీస్‌లో క్యాబిన్‌కు ఇద్దరి చొప్పున లెక్కిస్తే సుమారు 2,280 మంది పట్టేవారు. 2024 జనవరిలో ప్రయాణం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో అదే లెక్కన 5,610 మంది, పడకలన్నీ నిండితే 7,600 మంది. అయినా పెద్ద కొత్త ఓడ కొత్తవారిని ఆకర్షిస్తుంది, పాత చిన్న ఓడ పాతవారిని ఆకర్షిస్తుంది. నా అనుభవంలో నేను నిలబడి పానీయం తాగవలసి వచ్చిన సాయంత్రాలన్నీ చిన్న ఓడల మీదే గడిచాయి. మీరు వచ్చే ప్రయాణం ఎంచుకునేటప్పుడు లాంజ్‌కు నిజంగా విలువ ఇస్తే, ఓడ పరిమాణం కన్నా తేదీనీ మార్గాన్నీ చూడండి.

మహమ్మారి కాలాన్ని కూడా ఇక్కడ ఒక మాటలో చెప్పాలి. 2020 మార్చిలో ఓడలు ఆగిపోయి, 2021 మధ్యలో మెల్లగా మళ్లీ కదిలాయి. ప్రయాణికులను తిరిగి రప్పించడానికి కొన్ని కంపెనీలు ఆ రోజుల్లో పాయింట్లను రెట్టింపు చేసి ఇచ్చాయి. అలా పై శ్రేణికి చేరినవారు తప్పేమీ చేయలేదు, కంపెనీ ఇచ్చిన మాటను నమ్మి ఓడ ఎక్కారు. వారిని దొడ్డిదారిన వచ్చినవారిగా మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ నాకు బాధ కలిగింది.

ఇక మీ మొదటి ప్రశ్న. నా దృష్టిలో సభ్యత్వం వల్ల మనకు వచ్చేది గదిలోకి ప్రవేశం మాత్రమే. కుర్చీ ఎవరి సభ్యత్వంలోనూ భాగం కాదు, అందులో మనిషి కూర్చుని ఉన్నంతసేపే అది ఆ మనిషిది. పానీయం తెచ్చుకోవడానికి లేచినవారు, మరుగుదొడ్డికి వెళ్లినవారు తిరిగి వస్తారు, వారి కోసం పది నిమిషాలు ఆగడం ధర్మం. భార్య ఇంకా తయారవుతుంటే భర్త ముందు వచ్చి పక్క కుర్చీని పావుగంట ఆపడం కూడా ఎవరినీ నొప్పించదు. కానీ నాలుగున్నరకే ఒకరు వచ్చి, ఆరింటికి రాబోయే ఆరుగురు మిత్రుల కోసం ఆరు కుర్చీల మీద వస్తువులు పరచడం సరికాదు. ఆ గంటన్నరలో ఆ కుర్చీల్లో ఎందరో కూర్చుని, తాగి, మాట్లాడి, భోజనానికి వెళ్లిపోయి ఉండేవారు.

మీరు చేయవలసినది చాలా సరళం. పక్క బల్ల దగ్గర ఉన్నవారిని "ఈ కుర్చీలో కూర్చున్నవారు ఇప్పుడే లేచి వెళ్లారా?" అని అడగండి. ఆ ప్రశ్నలో నింద లేదు, అయినా జవాబు తప్పక వస్తుంది. అవును అంటే ఆగండి. ఎవరూ లేరని తెలిస్తే లాంజ్ బాధ్యత చూసే కాన్సియర్జ్‌కు గానీ బార్‌టెండర్‌కు గానీ చెప్పండి, ఆ వస్తువులను వారే తీస్తారు. మీ చేతులతో మాత్రం ఎవరి సంచినీ కదపవద్దు. అందులో మందులు ఉండవచ్చు, పాస్‌పోర్టు ఉండవచ్చు. ఏదైనా పోయినట్టు తేలితే తర్వాత జరిగే రభసలో మీ న్యాయం ఎవరికీ గుర్తుండదు.

రెండో ప్రశ్నకు నా జవాబు మరింత సూటిగా ఉంటుంది. గది నిండినప్పుడు ఆరుగురు పట్టే సోఫాలో ఇద్దరే కూర్చుని ఉంటే అక్కడ కూర్చోవచ్చా అని అడగడం చొరవ కాదు, అలా అడగడానికి వీలివ్వడమే ఆ ఇద్దరి బాధ్యత. నిజానికి ముందు పిలవవలసింది కూర్చున్నవారు. నేను డైమండ్ అయిన తొలి ఏడాది అట్లాంటిక్ మీద ఒక సాయంత్రం గోడ పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటే, చేతికర్ర ఉన్న ఒక పెద్దావిడ తన సంచిని ఒడిలోకి తీసుకుని పక్కన ఉన్న చోటును అరచేతితో తట్టి చూపించింది. ఆవిడ మాట్లాడే భాష నాకు సగమే అర్థమైంది. ఆ తర్వాత 12 రాత్రులూ మేము అదే చోట కలిసి కూర్చున్నాం. లాంజ్‌లో నేను నేర్చుకున్న మర్యాదలో చాలా భాగం ఆ సైగలోనే ఉంది. అందుకే ఇప్పటికీ గుమ్మం దగ్గర ఎవరైనా తచ్చాడుతుంటే నేను చెయ్యి ఎత్తి పిలుస్తాను.

కూర్చున్న తర్వాత ఎంతసేపు ఉండాలన్నది రాసి పెట్టిన నియమం కాదు. ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వేళ మూడు గంటలు పుస్తకం చదువుకున్నా ఎవరికీ నష్టం లేదు. రద్దీ వేళ మాత్రం గంటసేపు చాలు. ముందు విడత భోజనానికి వెళ్లేవారు సుమారు అయిదు నుంచి ఆరు వరకూ, వెనక విడత భోజనానికి వెళ్లేవారు ఆరున్నర నుంచి ఎనిమిది వరకూ లాంజ్‌కు వస్తారు. వెనక విడతవారు అయిదింటికే వచ్చి ఎనిమిది దాకా కదలకపోతే రెండు విడతల వారూ ఒకే గదిలో ఇరుక్కుంటారు. మీరు ఆరింటికి వెళ్లి చూసినది సరిగ్గా ఈ రెండు అలలు కలిసే క్షణం. వచ్చేసారి ఆరూ ఇరవై దాటిన తర్వాత వెళ్లి చూడండి, ముందు విడతవారు లేచి వెళ్లడం కళ్లారా కనిపిస్తుంది. ఉదయం కాఫీ వేళ అయితే ఆ గదిలో సముద్రం వైపు కిటికీ పక్క కుర్చీ కూడా తరచుగా ఖాళీగానే దొరుకుతుంది.

పానీయాల కోసమే లాంజ్‌కు వెళ్లవలసిన రోజులు చాలావరకు పోయాయి. ఇప్పుడు రాయల్ కరీబియన్‌లో డైమండ్ వారికి రోజుకు నాలుగు, డైమండ్ ప్లస్ వారికి అయిదు, పినకిల్ వారికి ఆరు పానీయాలు వారి కార్డులోనే జమవుతాయి, వాటిని ఓడలోని వేర్వేరు బార్లలో తీసుకోవచ్చు. ఈ మార్పు లాంజ్ రద్దీని తగ్గించిన మంచి ఏర్పాటు, కానీ చాలామంది పాత అలవాటు కొద్దీ ఇంకా ఒకే గదిలో గుమిగూడుతున్నారు. ఆ గదిలోని చిరుతిళ్లకూ, అక్కడ కలిసే పాత స్నేహితులకూ నేను విలువ ఇస్తాను. అవి అక్కరలేని రోజున మాత్రం నేను ఖాళీగా ఉండే ఏదో ఒక చిన్న బార్‌కు వెళతాను, నా కుర్చీ మరొకరికి మిగులుతుంది.

చిరుతిళ్ల బల్ల దగ్గర మర్యాద కేవలం చూడముచ్చట కోసం కాదు, ఆరోగ్యం కోసం. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ ఓడల్లో వేగంగా పాకుతుంది. ఇరుకు గదిలో అందరూ తాకే పట్టకారులూ, కాఫీ యంత్రం మీటలూ దానికి సులువైన దారులు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1975 నుంచి ఓడల పారిశుద్ధ్య కార్యక్రమం నడుపుతోంది. దాని పరిధిలోని ప్రయాణంలో మూడు శాతం ప్రయాణికులో సిబ్బందో జీర్ణకోశ లక్షణాలు చెప్పుకుంటే, ఆ సంగతి బహిరంగంగా ప్రకటించే స్థాయికి చేరినట్టే. గుమ్మం దగ్గర చేతులకు రాసుకునే ద్రవం ఈ వైరస్ మీద అంతగా పని చేయదు, సబ్బుతో నీళ్లతో కడుక్కోవడమే సరైన పని. పళ్లెం నింపుకుని క్యాబిన్‌కు మోసుకుపోవడం, తడి ఈత దుస్తులతో వచ్చి గుడ్డ సోఫాల మీద కూర్చోవడం, ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడటం, వీటి గురించి మీకు చెప్పనక్కరలేదు.

మీ అమ్మగారి విషయం నాకు మనసుకు దగ్గరగా తోచింది. కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. భార్యాభర్తలకు హోదా కలిసి వస్తుంది, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల శ్రేణి వర్తిస్తుంది, కానీ తల్లికి అది వర్తించదు. మీ కార్డుతో తలుపు తెరిచి ఆమెను వెంట తీసుకుపోవడం శారీరకంగా సాధ్యమే. చాలామంది అలా చేస్తారు కూడా. అలా ఒక్కొక్కరు ఇద్దరేసి అతిథులను తెచ్చిన సాయంత్రమే కదా మీరు నిలబడి ఉండవలసి వచ్చింది. అంతకన్నా, ఎవరో ఒక సభ్యుడు లేచి సిబ్బందికి చెబితే, ఆమె అందరి ముందూ బయటికి నడవవలసి వస్తుంది. పెద్ద వయసులో ఆ అవమానం ఆమెకు ఎదురు కాకూడదు. మొదటి రోజు పగటిపూట, రద్దీ లేనప్పుడు, ఆమె లేకుండా మీరొక్కరే వెళ్లి కాన్సియర్జ్‌ను అడగండి. అర్హులు తక్కువగా ఉన్న ప్రయాణంలో ఉదయం కాఫీకి తీసుకురమ్మని చెప్పడం నేను చూశాను, వీలుకాదని చెప్పడం కూడా చూశాను. వీలుకాదంటే మళ్లీ అడగవద్దు, ఎందుకంటే ఆ ఉద్యోగికి మీ ఒక్కరికి ఇచ్చే అధికారం ఉన్నా, ఇచ్చిన తర్వాత వరుస కట్టే మిగతావారిని ఆపే అధికారం ఉండదు.

కాన్సియర్జ్ గురించి మరో మాట చెప్పాలి, దాన్ని ఈ జవాబులో అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ గదిలో పనిచేసేవారు నెలల తరబడి ఇంటికి దూరంగా, వారానికి ఏడు రోజులూ పనిచేస్తారు. గది చిన్నదని నిర్ణయించింది వారు కాదు, సభ్యత్వ నియమాలు రాసింది వారు కాదు. ఒక ప్రయాణంలో ఒక పెద్దమనిషి తన పాయింట్ల సంఖ్య బిగ్గరగా చదివి వినిపిస్తూ, కుర్చీ లేదన్నందుకు ఒక యువ బార్‌టెండర్‌ను పావుగంటసేపు నిలబెట్టి మందలించాడు. ఆ అమ్మాయి చిరునవ్వు చెదరకుండా విని, ఆయన వెళ్లాక వెనక గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది. మేము అక్కడ ఇరవైమందికి పైగా ఉన్నాం, ఒక్కరమూ మాట్లాడలేదు. నేను మాట్లాడి ఉండవలసింది. ఇప్పుడైతే మాట్లాడతాను. గది నిండిపోయిందన్న నిజాన్ని చెప్పిన మనిషిని శిక్షించే హక్కు ఏ శ్రేణిలోనూ లేదు.

మరి ఎవరికి చెప్పాలి? ఓడ మీద ఉండగా, అక్కడి గదులూ భోజనమూ సేవలూ చూసే హోటల్ డైరెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. లాయల్టీ వ్యవహారాలు చూసే అధికారి ఆ ఓడలో విడిగా ఉంటే ఆ అధికారికి చెప్పండి. రెండో మూడో రోజున చెబితేనే ప్రయోజనం, ఎందుకంటే వారి చేతిలో ఒక నిజమైన ఉపాయం ఉంది. సాయంత్రం వేళ ఖాళీగా ఉండే పెద్ద గదిని రెండు మూడు గంటలు సభ్యులకు తెరవవచ్చు. రాత్రి పొద్దుపోయాక తప్ప జనం రాని నృత్యశాల అందుకు సరిగ్గా సరిపోతుంది. ప్రిన్సెస్ అనే మరో కంపెనీ వారి కొన్ని ఓడల్లో పై అంతస్తులో ఉండే స్కైవాకర్స్ నైట్‌క్లబ్‌ను పై శ్రేణి సభ్యులకు సాయంత్రం లాంజ్‌గా వాడటం ఇదే పద్ధతి. మీ లేఖలో "ఇది అన్యాయం" అని రాయకుండా, "ఫలానా రోజు ఆరింటికి పదిహేనుమంది నిలబడి ఉన్నారు, ఫలానా గది ఆ సమయంలో ఖాళీగా ఉంది" అని రాయండి. ఒకసారి మేము తొమ్మిదిమంది అలా సంతకాలు చేసి ఇస్తే, మర్నాటి సాయంత్రానికే పక్క డెక్ మీద మరో గది తెరిచారు. ప్రయాణం ముగిశాక వచ్చే అభిప్రాయ పత్రంలో కూడా రాయవలసిందే, కానీ అది వచ్చే ప్రయాణికులకు ఉపయోగపడుతుంది తప్ప మీకు కాదు.

కంపెనీలు కూడా ఈ లెక్కను చూస్తూనే ఉన్నాయి. కార్నివాల్ అనే కంపెనీ 2025లో తన సభ్యత్వ పథకాన్ని మార్చబోతున్నట్టు ప్రకటించి, గడిపిన రాత్రుల స్థానంలో ఖర్చు పెట్టిన సొమ్మును కొలమానంగా తీసుకుంటామనీ, హోదాను నిర్ణీత కాలానికి పరిమితం చేస్తామనీ చెప్పింది. పాత ప్రయాణికులకు అది ఎంత కష్టం కలిగించిందో నాకు తెలుసు, నేను దాన్ని సమర్థించను. అయితే జీవితకాల హోదాను అలాగే ఉంచి, గదిని అలాగే ఉంచి, రద్దీ మాత్రం తగ్గాలని కోరడం సాధ్యం కాదు. రద్దీ వేళ గదిని పంచుకోవడానికి మనం సిద్ధపడకపోతే, తలుపు దగ్గర అంకెను పెంచడమే కంపెనీకి మిగిలే దారి. అప్పుడు ముందుగా బయట నిలబడేది మీలాగా ఇప్పుడే 80 పాయింట్లు దాటినవారు.

మీ అమ్మగారితో చేయబోయే ప్రయాణం వివరాలు రాస్తూ, ఆమె మోకాళ్ల నొప్పి సంగతి కూడా చెప్పారు. కాన్సియర్జ్‌ను మొదటి రోజున కలిసినప్పుడు లాంజ్ సంగతితో పాటు ఆ మాట కూడా చెప్పండి. నాటకశాలలో మెట్లు దిగనక్కరలేని వరుసలో చోటు, భోజనశాలలో తలుపుకు దగ్గరి బల్ల వారు ఏర్పాటు చేయగలరు. ఆమెకు వారం రోజులూ పనికివచ్చేవి అవే. సాయంత్రం మీ వాటా పానీయాలు తీసుకుని ఆమె కూర్చున్న బార్‌కే మీరిద్దరూ వెళ్లండి, కార్డు అక్కడా పనిచేస్తుంది.